ఎర్రబడని పుండు

ఎందుకు వాచిందంటే, వాచాలి కాబట్టి వాచింది బంగారం. దెబ్బ తగిలిన చోటికి ఒళ్ళు తన మనుషుల్ని పంపింది. వాళ్ళు వచ్చి పని చేస్తున్నారు, అందుకే ఆ హడావుడంతా. కొద్ది రోజులు పోతే అదే తగ్గుతుంది. సైకిలు మీంచి పడ్డ మోకాలిని నువ్వు ఫోనులో చూపిస్తూ అడిగితే నేను ఇంతే చెప్పి, "వాయనీలే, మంచిదే" అన్నాను. మీ అక్క పక్కన కూర్చుని, "చూశావా, నానమ్మకు నీ మీద జాలే లేదు" అని నవ్వింది.

జాలి లేక కాదు. ఫోనులో అంత కథ చెప్పే ఓపిక లేక. మీరు పూణేలో పుట్టి పెరిగారు. మీకు తాత అంటే సెలవులకు వచ్చినప్పుడు మంచం మీద కాలు చాపుకొని కూర్చున్న మనిషి. ఆ కాలికి బొటనవేలు ఎందుకు లేదని అడిగితే "షుగర్ వల్ల" అని మీ నాన్న చెప్పి ఉంటాడు. అది నిజమే, కానీ సగమే. ఈ మధ్య నాకు ఏదైనా సగంలో వదిలేయడం అలవాటైంది, మాటైనా, అన్నమైనా. ఇది మాత్రం మొత్తం చెబుతాను.

అప్పుడు మేము వేములపల్లి పక్క ఊళ్ళో ఉండేవాళ్ళం, సాగర్ ఎడమ కాలువ కింద పొలం. యాసంగి వడ్లు కోయడం పెద్ద పని కాదు. మిషన్ వచ్చి, కోసి, కుప్ప పోసి పోతుంది. అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. పచ్చి వడ్లు ఎవరూ కొనరు. తేమ చూసే చిన్న మిషనులో గుప్పెడు గింజలు పోసి, "ఇంకా ఎండాలి" అనేసి పోతారు. కొనుగోలు సెంటరు దగ్గర జాగా లేక మేము ఊరి బయట సిమెంటు రోడ్డుకు ఒక పక్కగా పోసుకున్నాం. పొద్దున పరచడం, సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ పట్టా కప్పడం, మబ్బు పడితే తింటున్న అన్నం వదిలి పరుగెత్తడం. ఆ యేడు మబ్బులు కూడా ఎక్కువే. పడేది లేదు, పోయేది లేదు. పైన నిలబడి మమ్మల్ని తిప్పలు పెట్టేవి.

పరిచిన వడ్లను ఊరికే వదిలేస్తే పైవి ఎండి కిందివి అట్లాగే ఉంటాయి. మాటిమాటికీ తిప్పాలి. తిప్పడమంటే పారతో కాదు, కాళ్ళతో. పాదం పైకెత్తకుండా వడ్లలో ఈడ్చుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే వెనుక చాళ్ళు పడతాయి, కింది గింజ పైకి వస్తుంది. మళ్ళీ తిరిగి రావాలి. పై నుంచి ఎండ, కింద నుంచి సిమెంటు.

ఆ వడ్ల మీద చెప్పులతో ఎవరూ నడవరు. చిన్న పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పనక్కరలేదు. తినే గింజ, లక్ష్మి. తాతకు అప్పటికే షుగర్ వచ్చి ఏళ్ళయింది. మిర్యాలగూడలో మందులు రాసే డాక్టరు, ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో తిరగొద్దని గట్టిగా చెప్పి మెత్తటి నల్ల చెప్పులు కొనిపించాడు. షుగర్ చెప్పులు అంటారు అందరూ. తాత వాటిని బుద్ధిగా వేసుకునేవాడు, పొలానికి, బజారుకు, ఆఖరికి స్నానాల గదిలోకి కూడా. వడ్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం రోడ్డు అంచున విడిచిపెట్టి దిగేవాడు.

"చెప్పులేసుకో అయ్యా, కాళ్ళు కాలుతయి" అన్నాను ఒకరోజు.

"వడ్ల మీదనా? నీకేమన్న మతి పోయిందా?"

"డాక్టరు చెప్పలేదా మరి?"

"ఇంట్ల ఏసుకోమన్నడు, బయట ఏసుకోమన్నడు. వడ్ల మీద ఏసుకోమన్నడా? ఆయన గూడ బువ్వనే తింటడు గదనే."

తాత వాళ్ళ అక్క, అంటే నా ఆడబిడ్డ, మా పక్కింట్లోనే ఉండేది. పట్టా నీడన కూర్చుని రాళ్ళేరుతూ, "తమ్మీ, కాళ్ళు కాలుతున్నది నీకు కాదురా, నీ పెండ్లానికి. నీ మీద పెట్టి చెప్తున్నది" అంది.

ఆమె అన్నది అబద్ధం కాదు. నేను కాసిని చాళ్ళు తిప్పేసరికి అరికాళ్ళు భగ్గుమనేవి. పక్కకు వచ్చి చెంబుతో నీళ్ళు గుమ్మరించుకునేదాన్ని. తాత ఆగకుండా ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉండేవాడు. ఎంత ఓర్పు ఈయనకు అనుకునేదాన్ని.

అట్లాంటి రోజుల్లోనే నాకు ముల్లు గుచ్చుకుంది. వడ్లలో గొర్రెలు మూతి పెట్టకుండా కుప్ప చుట్టూ తుమ్మకంప అడ్డం వేస్తుంటే కుడి చేతి బొటనవేలి మొదట్లో దిగింది. లాగితే విరిగి సగమే వచ్చింది. ఆ పూట చురుక్కుమనడం తప్ప ఏమీ లేదు. తెల్లవారి లేచేసరికి అక్కడ ఎర్రగా ఉంది. మధ్యాహ్నానికి చెయ్యంతా నున్నగా మెరుస్తూ ఉబ్బింది, ముట్టుకుంటే పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలాగా వేడి. గుండె కొట్టుకున్నట్టు అక్కడ కూడా కొట్టుకునేది. వేళ్ళు ముడుచుకోవు, చీపురు పట్టలేను, ముద్ద కలపలేను. చంకలో బిళ్ళ కట్టింది.

"పూరీ లెక్క పొంగిందే పిల్లా నీ చెయ్యి" అంది ఆడబిడ్డ. "పప్పు ముట్టకు. వంకాయ ముట్టకు. చీము పడుతది. చారు పోసుకొని తిను."

"చారు పోసుకొని ఎడమ చేత్తో ఎట్ల తినాలె వదినె?"

"తాగు."

తాత బాండీలో తవుడు వేయించి గుడ్డలో మూటకట్టి నా చేతికి కాపడం పెట్టాడు. మూట ఆనించగానే నేను చెయ్యి లాక్కున్నాను.

"గింత వేడికే గుంజుకుంటవా? నాకైతే సల్లగనే ఉన్నది" అన్నాడు, మూటను తన అరచేతిలో పట్టుకుని. ఆయన వేళ్ళు కూడా ఎప్పుడో మొద్దుబారి ఉంటాయని నాకు తోచలేదు. పొలం పని చేసిన చేతులు గదా, గట్టిపడ్డాయనుకున్నాను.

కాపడంతో తగ్గలేదు. ఇద్దరం మిర్యాలగూడ పోయాం. డాక్టరు మత్తు సూది వేసి చిన్న గాటు పెట్టి, చీము తీసి, దానితో పాటు నల్లటి ముల్లు ముక్కను కూడా తీసి దూది మీద పెట్టి చూపించాడు.

"దీనికోసమమ్మా ఇంత కొట్లాట. ముల్లు లోపల ఉండిపోయింది, దానితోటి క్రిములు పోయినయ్. అక్కడి రక్తనాళాలు వెడల్పైనయ్, రక్తం ఎక్కువ వచ్చింది, అందుకే ఎరుపు, వేడి. నాళాల్లోంచి నీరు బయటికి ఊరింది, అందుకే వాపు. తెల్లకణాలు వచ్చి క్రిముల్ని తిన్నయ్. తిని చచ్చిపోయినవే ఈ చీముల ఎక్కువ."

"అంటే ఈమె చేతిల మస్తుమంది సచ్చిండ్రన్నమాట" అన్నాడు తాత.

"అవును. మంచిగ కొట్లాడుతుంది మీ ఆమె ఒళ్ళు."

"ఇంట్ల గూడ గట్లనే కొట్లాడుతది సార్."

డాక్టరు నవ్వాడు. "మరి నొప్పి ఎందుకు సార్, అదొక్కటి లేకుంటే అయిపోవు గద" అని నేనడిగాను. "నొప్పి లేకపోతే నువ్వు ఆ చేతితోనే చీపురు పడతవు. అప్పుడది ఎప్పుడు మానాలె?" అన్నాడు. పప్పు తినొచ్చా అంటే, పప్పూ గుడ్డూ తింటేనే తొందరగా మానుతుందని చెప్పాడు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆడబిడ్డ, "ఆయనకేం, మందుల చీటీ రాసిచ్చి ఇంటికి పోతడు" అని కొట్టిపారేసింది.

ఆ గదిలో తాత నా పక్కనే ఒట్టి కాళ్ళతో నిలబడి ఉన్నాడు. చెప్పులు గడప బయట ఉన్నాయి. డాక్టరు నన్ను షుగర్ ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఆ రోజు జబ్బు నాది. తాత కాళ్ళు ఎవరు చూస్తారు?

నా చెయ్యి తగ్గుముఖం పట్టింది. ముందు వేడి పోయింది, తరువాత ఎరుపు, వాపు దిగి చర్మం ముడతలు పడి ఉల్లిపొరలా రాలింది. కానీ బరువైన పని చేయొద్దన్నారు. దాంతో నా వంతు వడ్లు కూడా తాతే తిప్పాడు. పొద్దంతా తిప్పాడు. వడ్లు ఎండి, కాంటా మీద తూకం అయ్యి, లారీ ఎక్కేదాకా ఆ సిమెంటు మీద ఆయన ఒక్కడే నడిచాడు.

వడ్లు పోయాక ఇల్లు ఊడుస్తుంటే గడప పక్కన చీమలు బారు కట్టి కనిపించాయి. బెల్లం ముక్క పడిందేమో అనుకున్నాను. ఆ బారు తాత చెప్పుల దాకా పోయింది. కుడి చెప్పులో, బొటనవేలు ఆనేచోట, తడిసి నల్లబడ్డ మరక.

"కాలు చూపియ్యి."

"ఏమైందే?"

"చూపియ్యి అంటున్న."

మంచం మీద కూర్చుని పాదం పైకెత్తాడు. బొటనవేలి కింద బొబ్బ లేచి చితికి గుంట పడి ఉంది. అంచులు తెల్లగా నాని ఉన్నాయి, లోపల బూడిద రంగు. చుట్టూ ఎరుపు లేదు. వాపు లేదు. చెయ్యి పెడితే చల్లగా ఉంది.

"నొయ్యట్లేదా?"

"ఏం లేదు. నువ్వు చూపిస్తే చూస్తున్న."

ఆడబిడ్డ వచ్చి వంగి చూసింది. "వాపు లేదు, ఎరుపు లేదు, నొప్పి లేదు. ఇదేం పుండే. నీ చెయ్యి కంటె నయం గద" అంది. మాకందరికీ ఊపిరి వచ్చింది. అంతకు ముందే నా చెయ్యిని చూసి ఉన్నాం. పుండంటే ఎట్లా ఉంటుందో మాకు తెలుసు అనుకున్నాం. పసుపు పెట్టి గుడ్డ కట్టాం. రోజూ విప్పి చూసి, "వాపు రాలేదు" అని ఒకరికొకరం చెప్పుకుని మళ్ళీ కట్టేవాళ్ళం.

కోదాడలో ఉండే మీ మేనత్త నా చెయ్యి చూద్దామని వచ్చింది. నా చేతిని ఇటూ అటూ తిప్పి చూసి, బాగానే ఉందని వదిలేసింది. తరువాత తాత లేచి మంచినీళ్ళకు పోతుంటే ఆయన వంకే చూస్తూ కూర్చుంది.

"నాన్నా, ఆ కట్టేంటి? ఎన్నాళ్ళ నుంచి?"

"సూసినవా, ఏంటి అంటున్నది. కోదాడ పోయి ఆంధ్ర దిక్కు మనిషైంది నీ బిడ్డె" అని తాత నాతో అన్నాడు.

"మాట మార్చకు. విప్పు."

కట్టు విప్పాక వాసన వచ్చింది. మీ అత్త వెంటనే లేచింది. ఫోను తీసి కారు మాట్లాడింది. ఆ సాయంత్రానికే సూర్యాపేటలో ఒక దవాఖానాలో ఉన్నాం.

అక్కడి డాక్టరమ్మ ఒక సన్నటి ప్లాస్టిక్ దారం లాంటిది తీసి, కళ్ళు మూసుకోమని, తాత అరికాలి మీద ఒక్కో చోట ఆనించింది. తెలిసినప్పుడల్లా చెప్పమంది. మడమ దగ్గర "ఆ" అన్నాడు. మధ్యలో ఒకచోట అన్నాడు, ఒకచోట అనలేదు. వేళ్ళ దగ్గర గుచ్చినా పలకలేదు. పుండులోకి సన్నటి పుల్ల లాంటిది పెడితే అది గట్టిగా దేనికో తగిలింది. ఎముక, అంది ఆమె.

"పెద్దాయనా, ఇది ఎన్ని రోజుల నుంచో ఉంది. నొప్పి లేదా?"

"లేదమ్మా."

"ఎప్పుడూ లేదా?"

తాత నా వైపు చూశాడు. వెంటనే కాదు, కొంచెం ఆగి, "లేదు" అన్నాడు.

"వాపు రాలేదమ్మా, ఎర్రగ గూడ కాలేదు, అందుకే మేము ఏంకాదనుకున్నం" అన్నాను నేను.

"ఎర్రబడాలంటే రక్తం పోవాలి కదమ్మా అక్కడికి. షుగర్ వల్ల నాళాలు సన్నబడ్డాయి. పోయే కణాలు కూడా నీరసంగా ఉన్నాయి. నరాలు మొద్దుబారాయి, కబురు చెప్పేవాడు లేడు. ఒంటికి దెబ్బ తగిలినట్టే తెలియలేదు, ఇంక కొట్లాడేదెక్కడ? వాపు రాలేదని మీరు సంతోషపడ్డారు. అదే అసలు చెడ్డ గుర్తు."

తాత తన పాదం వంక చూసుకుంటూ అన్నాడు. "మాది టెయిలెండు అన్నట్టు."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మాకు అర్థమైంది. కాలువకు నీళ్ళు వదిలితే పైవాళ్ళకు పారి పారి గట్లు ఊటలెత్తుతాయి. పూడిక పడ్డ కాలువ చివరి పొలాలకు మాత్రం తడి కూడా చేరదు. నా చెయ్యి కాలువ మొదట్లో ఉన్న పొలం. తాత పాదం చివరి మడి.

వేలు తీసేయాలన్నారు. అది పోతుందని మాకు బాధ లేదు. అసలు భయం పాదానిది. చెడు పైకి పాకితే పాదం, ఇంకా పాకితే మోకాలి కింద దాకా. వేలు తీసేశాక సెలైన్లలో మందులు ఎక్కిస్తూ, పుండు అడుగున ఎట్లా ఉంటుందో చూసి చెబుతామన్నారు. ఆ రోజులెన్నో నాకు గుర్తు లేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చుంటే కునుకు పట్టేది, కునుకు పడితే మెడ నొప్పి పెట్టేది. మీ అత్తా నేనూ ఒకే టీ రెండు కప్పుల్లో పోసుకుని తాగేవాళ్ళం.

ఒకసారి అట్లా తాగుతూ అది అంది. "అమ్మా, నేను ఇంటికి వచ్చిన రోజు నాన్న మడమ మీద నడుస్తున్నాడు. ముందు పాదం ఆనించట్లేదు. అది చూసే కట్టు విప్పమన్నాను. నొప్పి తెలియని మనిషి అట్లా ఎందుకు నడుస్తాడు?"

నేను ఖాళీ కప్పులు తీసుకుని లేచాను.

ఒక పొద్దున కట్టు మారుస్తుంటే డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. గుడ్డ తీస్తుంటే పుండు అడుగు నుంచి రక్తం చెమ్మగిల్లింది. అక్కడ దానిమ్మ గింజల్లాగా ఎర్రటి కండ, సన్నసన్నగా.

"ఇదిగోమ్మా, ఎర్రబడింది. రక్తం వస్తుంది. పాదం నిలబడుతుంది" అంది.

రక్తం చూసి సంతోషపడిన ఆడదాన్ని నేను. గోడకు ఆనుకుని అట్లాగే కింద కూర్చుండిపోయాను. "గిప్పుడెందుకు కూసున్నవే, అయిపోయింది గద" అన్నాడు తాత. అయిపోయింది కాబట్టే కూర్చున్నాను. అంతకు ముందు కూర్చోవడానికి లేకపోయింది.

ఆ తరువాత మమ్మల్ని మీ అత్త కోదాడ తీసుకొచ్చింది. పొలం కౌలుకిచ్చాం. నేను రోజూ ఆ కాలు కడిగి కట్టు కట్టేదాన్ని. పుండు మానడానికి చానా నెలలు పట్టింది. మానాక కూడా పొద్దునా సాయంత్రం రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుని వేళ్ళ సందులన్నీ చూడటం నా పని. అద్దం పెట్టి తనే చూసుకోవచ్చని చెప్పారు. తాత చూసుకోలేదు. నువ్వున్నవ్ గద అనేవాడు.

అట్లా కాలు ఒళ్ళో ఉన్నప్పుడు డాక్టరమ్మను నేను అడిగిన మాట గుర్తొచ్చేది. పరీక్షకు పోయినప్పుడల్లా అడిగాను, ఆయనకు అప్పుడు నిజంగా తెలిసేది కాదా అని. నరాలు ఒక్కసారే చచ్చిపోవమ్మా, అంది ఆమె. కొందరికి ఏమీ తెలియదు. కొందరికి పుండు నొయ్యదు గానీ లోపల ఎముక సలుపు తెలుస్తుంది. కొందరికి పగలు తెలియదు, రాత్రి మంట. మీ ఆయనకు ఎట్లా ఉండేదో మీ ఆయనే చెప్పాలి.

మా ఆయన చెప్పలేదు. అడిగితే, "ఎప్పటి ముచ్చట ఎప్పుడు తీస్తవే" అనేవాడు. ఇంకోసారి అడిగితే, "నొస్తే మాత్రం ఏం జేద్దుము, వడ్లు నువ్వు తిప్పుదువా ఆ చేత్తోటి?" అన్నాడు. అది నవ్వులాటకు అన్నాడో, నిజమే అన్నాడో ఆ ముఖం చూస్తే తెలియలేదు. వేలు లేని ఆ పాదాన్ని ఒళ్ళోంచి దించి పక్కకు తిరిగి పడుకున్నాడు.

పోయిన యేడు గుండె ఆగి పోయాడు, కాలితో కాదు. మీరూ వచ్చారు గదా, చూశారు. స్నానం చేయించేటప్పుడు నేను అలవాటుగా పాదాలు రెండూ చూశాను. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు.

ఇప్పుడు నీ మోకాలు వాచింది, నొప్పి అని ఏడ్చావు, వెంటనే మీ అమ్మకు చూపించావు. అట్లాగే చెయ్యాలి. నాకు ఇంక అడగడానికి మనిషి లేడు. ఉంటే ఈసారి నవ్వులాటకు పోనివ్వకుండా అడుగుదును. ఆ ఎండలో నా వంతు వడ్లు కూడా తిప్పుతున్నప్పుడు, నీ కాలికి నిజంగానే ఏమీ తెలియలేదా, తెలిసీ నా చెయ్యి చూసి ఊరుకున్నావా?